కూర్మారావు, ఇతరులు

పంటి నొప్పి వస్తే మనిషి పన్ను పీకించుకుంటాడు. చెవిపోటు వస్తే చుక్కల మందు వేయించుకుంటాడు. పెళ్ళాం పేరు బోర్డు మీద తన పేరుకన్నా ఆరు వరసలు పైన ఉంటే, పాపం, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? అందులోనూ తానే డాక్టరై, పెళ్ళాం తనకన్నా పెద్ద డాక్టరైతే?

డాక్టర్ కూర్మారావు బాధ ఇదీ. విజయనగరం దాటాక కొండ కింద ఒక మెడికల్ కాలేజీ ఉంది. అందులో మొదటి అంతస్తు మందుల పరిశోధన విభాగానిది. మెట్లెక్కగానే ఎదురుగా నల్లబోర్డు. ఎవరు ఎన్ని పరిశోధన పత్రాలు రాశారు, వాటిని ప్రపంచంలో ఎన్నిచోట్ల ఎంతమంది ఉదహరించారు అన్నది ఆ బోర్డు మీద ఉంటుంది. సోమవారం పొద్దున్న పది గంటలకి అటెండరు సన్యాసినాయుడు స్టూలెక్కి, తడిగుడ్డతో పాత అంకెలు తుడిచి, కొత్తవి సుద్దముక్కతో రాస్తాడు. బద్ధకస్తులకి సిగ్గు రావాలని పాత ప్రొఫెసరు దివాకరం గారు పెట్టిన ఆచారం అది. సిగ్గు ఎంతమందికి వచ్చిందో తెలియదు గాని, కూర్మారావుకి మాత్రం ముప్పై ఏళ్లుగా సోమవారం పూట కాఫీ చేదుగా ఉంటోంది.

బోర్డులో అన్నిటికన్నా పైన డాక్టర్ దమయంతి. నూట ఎనభై ఎనిమిది పత్రాలు, పద్నాలుగు వేల మూడు వందల ఆరు ఉదహరింపులు. ఆరు వరసల కింద కూర్మారావు. పదకొండు పత్రాలు, రెండు వందల పన్నెండు.

"తమరిది పోయినవారం కూడా రెండొందల పన్నెండేనండి. తుడిసి మళ్లీ రాయమంటారా, అలగే ఉంచీమంటారా?" అనేవాడు సన్యాసినాయుడు, స్టూలు మీంచి ఎంతో వినయంగా.

"ఉంచు. సుద్దముక్కలు మిగుల్తాయి" అనేవాడు కూర్మారావు.

ఆ రెండు వందల పన్నెండులో నూటతొంభై ఒకే ఒక పత్రానివే. ఇద్దరూ పీజీ చదివే రోజుల్లో రాసింది, ఇద్దరికీ అదే మొదటిది. లెక్కలన్నీ కూర్మారావువి. రాత దమయంతిది. పెద్దరికం దివాకరం గారిది. పోస్టు చేయడానికి దమయంతి ఒక్కతే వెళ్ళింది. అచ్చయి వచ్చాక చూస్తే ముందు ఆవిడ పేరుంది, ఆఖరిది ఈయనది. అడిగితే "అక్షరక్రమం" అంది. మన అక్షరాల్లో అయితే కూర్మారావే ముందు. కానీ పత్రిక ఇంగ్లీషుది, అక్కడ ఆవిడే ముందు. నోరు మూసుకున్నాడు. ఇక ప్రపంచంలో ఎవరు ఆ పత్రాన్ని ఉదహరించినా "దమయంతి, ఇతరులు" అని రాస్తారు. అమ్మానాన్నా బారసాల చేసి పెట్టిన పేరు పోయి, కూర్మారావు ఇతరులైపోయాడు. ఆ మరుసటేడు ఆవిడనే పెళ్ళి చేసుకున్నాడు. శుభలేఖలో మాత్రం పట్టుబట్టి తన పేరు ముందు వేయించుకున్నాడట!

పిల్లలకి పాఠం చెప్పడంలో కూర్మారావుని మించినవాడు లేడు. ఎంత చిక్కు లెక్కయినా అరటిపండు ఒలిచినట్టు చెప్పేవాడు. కానీ బోర్డు మీద పాఠాలకి గడి లేదు.

ఇలా ఉండగా దమయంతి రక్తపోటుకని ఒక మాత్ర తయారుచేసింది. పరీక్షకి వచ్చినవాళ్లలో ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరున్నారు, పైడితల్లి, నారాయణమ్మ. రెండో వారం నారాయణమ్మ ఒగరుస్తూ మెట్లెక్కి వచ్చింది.

"డాక్టరమ్మా, మా తోడికోడల్ని ఏటి సేసీసినారు?"

"ఏమైంది? కళ్ళు తిరుగుతున్నాయా?"

"కళ్ళు తిరిగితే బాగున్ను! నాను కొత్త సీర కట్టి దాని ముందు మూడుసార్లు తిరిగినాను. 'బాగుందే, రంగు నీకు నప్పినాది' అందమ్మా! మా పెళ్ళిళ్లయి పద్దెనిమిదేళ్లు, దాని నోట ఆ ముక్క ఇన్నానా? మూడురోజులై కయ్యం నేదు. అది కుళ్ళుకోకపోతే ఇంక నాకు కొత్త సీరెందుకు?"

దమయంతి పక్కనే ఉన్న సిస్టర్ సువార్తమ్మ ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు పుస్తకంలో రాసింది. రోగి మాట రోగి నోటివెంట వచ్చినట్టే రాయాలన్నది ఆ విభాగంలో రెండో ఆచారం. ఇంకొకరైతే ఆ పేజీ తిప్పేసేవారు. దమయంతి తిప్పలేదు. మర్నాడే రెండు ఎలుకల బోనులు పక్కపక్కన పెట్టించింది. ఒకదానిలో బెల్లం ముక్క, ఇంకోదానిలో చోళ్లు, అంటే రాగులు. మామూలు ఎలుక పక్క బోనులో బెల్లం చూసి ఊచలు కొరికి మూతి పగలగొట్టుకుంది. మాత్ర తిన్న ఎలుక బెల్లం వాసన చూసింది, మీసాలు కదిపింది, వెనక్కి వచ్చి తన చోళ్లు తాను నమిలింది.

మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ కూర్మారావుతో చెప్పింది ఆవిడ. "దానికి వాసన తెలుస్తోంది. తినాలనీ ఉంది. వాడికెందుకు, నాకెందుకు లేదు అనే తూకం ఒక్కటే వెయ్యట్లేదు. మెదడులో ఆ త్రాసు ఒక్కటీ ఆగిపోతోంది. కూర్మా, ఓర్వలేనితనానికి మందు దొరికింది!"

ఇంట్లో ఆవిడకి అతను కూర్మా, నువ్వు. కాలేజీలో డాక్టరుగారు, మీరు. పొరపాటున కాలేజీలో ఇంటి పిలుపు వచ్చిందంటే ఆవిడ ఒళ్ళు తెలియని సంతోషంలో ఉందన్నమాట. కూర్మారావు కలిపిన ముద్ద మళ్లీ గిన్నెలో పెట్టేశాడు. పద్నాలుగు వేలు లక్షన్నర కావడం, సన్యాసినాయుడు అంకె పట్టక బోర్డు పెద్దది చేయించమనడం, అన్నీ కళ్ళ ముందు కనిపించాయి.

"మంచిదే. నన్ను మింగమనవు కదా?" అన్నాడు.

"నిన్నెవరడిగారు? నీకు షుగరు" అంది ఆవిడ.

సన్యాసినాయుడు దానికి చల్లమాత్ర అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచింది.

*

అసలు పరీక్ష నలభై మంది మీద, ఎనిమిది వారాలు. ఇరవై మందికి చల్లమాత్ర, ఇరవై మందికి అదే రంగు, అదే రుచితో ఉన్న ఉత్త పాలచక్కెర బిళ్ళ. ఎవరికి ఏది వెళ్తోందో మింగేవాళ్లకీ తెలియదు, దమయంతికీ తెలియదు. నంబర్లు వేసిన సీసాలు ప్రతి సోమవారం కూర్మారావు ఇనప బీరువాలోంచి వస్తాయి. ఏ నంబరు ఎవరో సువార్తమ్మకే తెలుసు. పేర్లు ఆవిడ దగ్గర, గుట్టు ఈయన దగ్గర. రెండూ కలిసేది ఆఖరి రోజున, ముగ్గురు సాక్షుల ముందు.

దివాకరం గారు పెట్టిన మూడో ఆచారం ఒకటుంది. జనం చేత మింగించే మందు మనలో ఒకరు కూడా మింగాలి, ఏ నంబరు కింద అన్నది బయటికి చెప్పకూడదు. కూర్మారావు షుగరు వంకతో ఏనాడూ మింగలేదు. తాను చేయని పని లోకంలో ఎవరూ చేయడం లేదనుకోవడం మనిషి స్వభావం. ఆ ఆచారం పెద్దాయనతోనే పోయిందనుకున్నాడు.

వారానికోసారి సువార్తమ్మ నలభై మందినీ ఒకే ప్రశ్న అడిగేది, "ఈ వారం ఎవర్ని చూసి ఓర్వలేకపోయారు?" ఆ జవాబుల పుస్తకం లెక్కల కోసం కూర్మారావు బల్ల మీదికి వచ్చేది. మొదటివారం తిరగేస్తూంటే నలభయ్యో నంబరు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"ఆ మనిషీ నేనూ ఒక్క ఇంట్లోనే ఉంటాం. బజారుకెళ్తే ఆ మనిషికి పదిమంది దండం పెడతారు. బస్సులో లేచి సీటిస్తారు. నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటారు. నేను పడ్డ కష్టంలో సగం పడలేదు ఆ మనిషి."

రెండోవారం ఇంకా బాగుంది. "ఆ మనిషి మంచం మీద వాలిందో లేదో గుర్రు మొదలు. బెంగ లేని గుర్రు. అది వింటూ పడుకుని, రేపు ఇంకేం చేస్తే ఆ మనిషిని దాటగలనా అని దూలాలు లెక్కపెడతాను."

కూర్మారావుకి కళ్ళలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లలో తన కడుపులో మాట ఇంకొకరి నోట వినడం అదే మొదలు. ఎవరో నారాయణమ్మ లాంటి ఇల్లాలు, పాపం, పేరున్న తోడికోడలి పక్కన నలిగిపోతోంది అనుకున్నాడు. బీరువా తీసి జాబితా చూశాడు. నలభయ్యో నంబరుకి పాలచక్కెర! దాహంతో ఉన్నవాళ్లకి ఖాళీ చెంబిచ్చినట్టయింది.

మూడోవారం సోమవారం అందరూ క్యాంటీనులో పెసరట్లకి వెళ్ళినప్పుడు కూర్మారావు బీరువా ముందు నిలబడ్డాడు. ఆ బిళ్ళల చోట చల్లమాత్రలు పోస్తే ఒక అభాగ్యురాలికి మనశ్శాంతి. అది జాలి. పాలచక్కెర మింగినవాళ్లు కూడా చల్లారిపోయారని జాబితాలో తేలితే, ఇదేం మందు, ఉత్త భ్రమ అని పత్రికలవాళ్లు దమయంతి పత్రాన్ని తిప్పి కొడతారు. అది జాలి కాదు. జాలి ముందు నడిచింది, దాని కొంగు పట్టుకుని కుళ్ళు వెనకాలే నడిచింది. ఒక్కరితో పని జరగదు, వచ్చేవారం ఇంకో అరడజను మందికి మార్చాలి అనుకుంటూ కూర్మారావు చల్లమాత్రల సీసా మీద నలభై అని చీటీ అంటించి, బీరువా తాళం వేసి, క్యాంటీనుకి వెళ్ళి రెండు పెసరట్లు తిన్నాడు.

*

ఆ ఆదివారం మొగుడూపెళ్ళాలు రైతుబజారుకి వెళ్ళారు. వంకాయల దగ్గర ఒకాయన పరుగెత్తుకొచ్చి కూర్మారావు కాళ్లకి దండం పెట్టాడు. పాత విద్యార్థి, ఇప్పుడు పార్వతీపురంలో పెద్ద సర్జను. ఇలాంటప్పుడు దమయంతి సంచీ తీసుకుని పది అడుగులు ముందుకెళ్ళి నిలబడేది. ఇంటికొచ్చాక "అయిందా నీ భక్తుల దర్శనం?" అని ఓ చురక. ఆ రోజు అక్కడే నిలబడింది. సర్జనుగారి పిల్లలెంతమందో అడిగింది. "మీ సారు చెబితే రాయికైనా అర్థమవుతుంది" అంది.

కూర్మారావు చేతిలోంచి వంకాయ జారింది. "ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.

"బాగానే ఉంది. ఏం?"

దమయంతి రోజూ పొద్దున్న ఐదింటికి లేచి ఎనిమిది దాకా రాసేది. ఆ టైపు చప్పుడుకి కూర్మారావు ముప్పై ఏళ్లుగా పళ్ళు నూరుకుంటూ నిద్రలేచేవాడు. మరో వారానికి చప్పుడు ఆగిపోయింది. లేచి చూస్తే ఆవిడ వంటింటి గుమ్మంలో కూర్చుని పనసపొట్టు కొడుతోంది.

"రాయవా?"

"ఏం తొందర? నేను కాకపోతే ఎవరో ఒకరు రాస్తారు" అంది తలెత్తకుండా.

ఆవపెట్టిన పనసపొట్టు కూర అమోఘంగా కుదిరింది. కూర్మారావుకే రుచించలేదు. ఇంకో ఆరు సీసాలు మార్చే సంగతి ఆ సోమవారం గుర్తుకే రాలేదు.

ఆరోవారం మొదట్లో ఆవిడ నాలుగు కాగితాలు తెచ్చి అతని ముందు పెట్టింది. చల్లమాత్ర పత్రం చిత్తుప్రతి, పరీక్ష మొదట్లోనే రాసిపెట్టుకున్నది. ఫలితాలకి చోటు ఖాళీగా వదిలింది. పైన పేర్లు మాత్రం కొత్తగా రాసింది. ముందు కూర్మారావు.

"ఇదేమిటి?"

"లెక్కలు నీవేగా. ఆ మొదటి పేపరు మీద కూడా నీ పేరే ముందుండాల్సింది. అక్షరక్రమమని అబద్ధమాడాను."

"అబద్ధమా!"

"పోస్టాఫీసులో కూర్చుని మార్చి రాశాను. నీ పేరు ముందుంటే చూడలేకపోయాను, కూర్మా. ఇప్పుడు ఎవరిది ముందున్నా ఒకటే అనిపిస్తోంది" అని గిన్నెలు సర్దడానికి వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్లుగా ఆ ఒప్పుకోలు ఎలా రాబట్టాలా అని అతను ఎన్ని వాదాలు కట్టుకున్నాడో! తీరా చేతికొస్తే ఉప్పులేని పప్పులా ఉంది. ఎదుటివాడు కుస్తీకి రాకుండా తనంతట తానే వెల్లకిలా పడుకుంటే, గెలిచినవాడు ఎవరికేసి మీసం తిప్పుతాడు? కొత్త చీర కట్టి మూడుసార్లు తిరిగిన నారాయణమ్మ గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కుర్చీలోంచి లేచాడు.

కాలేజీకి వెళ్ళి నాలుగో, ఐదో వారాల పుస్తకం తీశాడు. తప్పు చేసినప్పట్నుంచీ నలభయ్యో నంబరు పేజీ చూడ్డానికి ధైర్యం చాలక వదిలేశాడు.

"ఈ వారం ఏమీ అనిపించలేదు. కూరగాయల దగ్గర ఎవరో ఆ మనిషి కాళ్లకి దండం పెట్టారు. మర్యాదస్తుడు అనిపించింది, అంతే."

దాని కింద ఐదోవారం. "గుర్రు వింటూ నేనూ నిద్రపోయాను."

కూర్మారావు పుస్తకం మూసి సువార్తమ్మ గదికి వెళ్ళాడు. "సిస్టర్, నేను గుర్రు పెడతానా?"

"నాకేం తెలుసండీ? మేడంగారు చెప్పడమే, కొండ మీద లారీ ఎక్కుతున్నట్టుంటదని..." అని సువార్తమ్మ ఠక్కున నాలిక కరుచుకుంది.

గుర్రు పెట్టేవాడికి తన గుర్రు వినిపించదు. అందుకే ఇన్నివారాలు ఆ పుస్తకంలో ఎవరి కాపురమో చదువుతున్నాననుకున్నాడు.

*

దమయంతి తన గదిలో ఎలుకల కాగితాలు చూస్తోంది. కూర్మారావు తలుపు వేసి నిలబడ్డాడు.

"నువ్వు నన్ను చూసి ఓర్వలేకపోయావా? నన్నా?"

ఆవిడ చేతిలో కాగితాలు బోర్లించింది. "సువార్తమ్మ చెప్పిందా?"

"గుర్రు చెప్పింది."

"మొదటి ఏడాది నుంచీ. దివాకరం గారు గంటసేపు చెప్పినా అర్థం కానిది, నువ్వు వరండాలో పల్లీలు నములుతూ ఐదు నిమిషాల్లో చెప్పేవాడివి. అందరూ నీ చుట్టూ. నూట ఎనభై ఎనిమిది పేపర్లు రాశాను కూర్మా. ఒక్కటి చదివి ఒక్కడు రైతుబజారులో ఆగాడా? నువ్వు చెప్పింది ముప్పై ఏళ్లు గుర్తుంటుంది, నేను రాసింది మూడేళ్లకి పాతబడుతుంది. అందుకే మళ్లీ ఇంకోటి రాసేదాన్ని."

"నేను ఆ బోర్డు చూసి చస్తున్నాను. నువ్వు నన్ను చూసి చస్తున్నావా?"

"చచ్చేదాన్ని. ఈమధ్యనే పోయింది. నాకు మాత్రే వచ్చినట్టుంది."

"రాలేదు. నీకొచ్చింది పాలచక్కెర" అన్నాడు కూర్మారావు. "మూడోవారం నేను మార్చాను. నలభై ఎవరో తెలియక మార్చాను. నీ పేపరు పాడుచేద్దామని మార్చాను."

చల్లమాత్ర ఓర్వలేనితనాన్ని తీసేస్తుంది గాని కోపాన్ని ముట్టుకోదు. ఆ సంగతి సైన్సుకి తెలిసింది ఆ క్షణంలోనే. బల్ల మీది స్టీలు గ్లాసు కూర్మారావు చెవి పక్కనుంచి వెళ్ళి తలుపుకి తగిలింది.

"దొంగా! రెండువారాలుగా ఐదింటికి లేచి కూర్చుంటున్నాను. ఒక్క వాక్యం రాదు. తలలో ఏదో అయిపోయిందనుకున్నాను. మా అమ్మకి వచ్చిన మతిమరుపు నాకూ వచ్చిందేమోనని భయపడి, ఎవరికీ చెప్పలేక, పనసకాయ ముందేసుకుని కూర్చున్నాను! నీ మీద కుళ్ళో, పాడో, నా చెయ్యి కదిలేది దానితోనే. అది నువ్వు తీసుకుపోయావు!"

కూర్మారావు గ్లాసు ఏరి బల్ల మీద పెట్టాడు.

"పద. సువార్తమ్మ పుస్తకంలో రాయి. నీ మాటల్లోనే రాయి" అంది దమయంతి.

రాశాడు. "నలభయ్యో నంబరు సీసా నేను మార్చాను. జాలితో అనుకున్నాను. కుళ్ళుతో. ఎవరికి ఇస్తున్నానో తెలియదు. తెలిస్తే ఇచ్చేవాణ్ణి కాదు. తెలియనివాళ్లకైతే ఇవ్వొచ్చని ఎలా అనుకున్నానో ఇప్పుడు అర్థం కావడం లేదు."

కాలేజీలో పరీక్షల మంచిచెడ్డలు చూసే కమిటీవాళ్లు బీరువా తాళాలు తీసుకున్నారు. మూడేళ్లు ఏ పరీక్షలోనూ వేలు పెట్టకూడదన్నారు. మిగిలిన ముప్పైతొమ్మిది మంది లెక్క నిలబడింది. ఆ పత్రం దమయంతి పేరున వెళ్ళింది, వట్టి అంకెల మీదే, ఎలాగో తంటాలు పడి పూర్తిచేసింది. నలభయ్యో నంబరు సంగతి రెండు పేజీల చిన్న పత్రంగా విడిగా రాసింది. అందులో కూర్మారావు ఒప్పుకోలు మాట పొల్లుపోకుండా ఉంది. మందు మింగినవాళ్ల పేరు పత్రం మీద ఉండకూడదని నియమం. కనుక ముందు కూర్మారావు పేరు, తరవాత మాటలు రాసిన సువార్తమ్మ, ఎలుకలకి చోళ్లు పోసిన సన్యాసినాయుడు. "నీకేం అనిపించడం లేదా?" అని కూర్మారావు అడిగితే, "ఏం అనిపించాలి?" అని కవరు అంటించింది.

మాత్రలు ఆపేశారు. ఇక ఎదురుచూపులు. మాత్ర తిన్న ఎలుకలు ఆరింటిలో నాలుగు నలభై రోజులకి మళ్లీ ఊచలు కొరికాయి. రెండు కొరకలేదు, ఆరునెలలైనా తమ చోళ్లు తాము నములుతూనే ఉన్నాయి. కూర్మారావు రోజూ వెళ్ళి ఆ రెంటి ముందు బెల్లం ఊపి వచ్చేవాడు. ఇంటి దగ్గర కొత్త చొక్కా తొడిగి దమయంతి ముందు మూడుసార్లు తిరిగాడు. "బాగుంది" అంది. పాత విద్యార్థులని భోజనానికి పిలిచి, వాళ్ల చేత తన గొప్పలు చెప్పించుకున్నాడు. ఆవిడ ఇంకో గరిటె సాంబారు వడ్డించింది.

ఒకరోజు నారాయణమ్మ బూడిదగుమ్మడికాయతో వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "డాక్టరుబాబూ, మా తోడికోడలు తిట్టీసినాదండి! నా కొత్త గాజులు సూసి, 'నీకెన్నుంటే సాలుతాదే' అని ఈదిలో నిలబెట్టి తిట్టినాది. కడుపు నిండిపోయిందనుకోండి!"

"ఎన్నాళ్లకి తిట్టింది?" అని కూర్మారావు ఆత్రంగా అడిగాడు.

"మాత్రలాపినాక రెండు నెల్లు. మరి ఒకోళ్లకి ఎలగుంటాదో!"

మూడు నెలలు గడిచాయి. నాలుగూ గడిచాయి. పొద్దున్న ఐదింటికి ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. తాను పళ్ళు నూరుకున్న ఆ చప్పుడు కోసం కూర్మారావు మంచం మీద చెవులు రిక్కించి పడుకునేవాడు.

*

ఈలోగా రెండు పేజీల పత్రం అచ్చయింది. చల్లమాత్ర ముందు, చల్లమాత్రతో అని ఒకే మనిషి మాటల్లో రెండు దశలూ దొరికింది నలభయ్యో నంబరు దగ్గరే. మెదడు డాక్టర్లు దాన్ని పట్టుకున్నారు. ఆపైన నీతిపాఠాలు చెప్పేవాళ్లు పట్టుకున్నారు. బీరువా తాళం చేతిలో ఉన్నవాడు ఎలా ఉండకూడదో చెప్పాలంటే ఏ దేశంలోనైనా "చూడుడు: కూర్మారావు, ఇతరులు". జపానులో పరీక్ష పేపర్లో ప్రశ్నగా వచ్చిందట. పెరూలో తాళాలు ఇచ్చేముందు ఆ ఒప్పుకోలు చదివించి సంతకం పెట్టిస్తున్నారట. మంచిపేరు నడిచి వెళ్తే చెడ్డపేరు విమానమెక్కి వెళ్తుంది కదా!

ఆ సోమవారం దమయంతీ కూర్మారావూ మెట్లెక్కేసరికి సన్యాసినాయుడు స్టూలు మీద ఉన్నాడు. ఎప్పుడూ లేనిది ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. దమయంతి పేరు రెండో వరసలో ఉంది, పద్నాలుగు వేల తొమ్మిది వందలు. పైవరసలో కూర్మారావు, పదిహేను వేల నలభై.

"బాగుంది" అంది దమయంతి. కూర్మారావు ఎప్పటిలాగే ఆశ వదులుకున్నాడు.

సన్యాసినాయుడు నాలుగో వరస సువార్తమ్మకి వదిలి, మూడో వరస తుడిచి, నాలిక బయటపెట్టి, ఎంతో శ్రద్ధగా తన పేరు తాను రాసుకున్నాడు. పత్రాలు: ఒకటి. ఉదహరింపులు: పద్నాలుగు వేల ఎనిమిది వందల ఇరవై ఎనిమిది.

"మేడంగారూ, తమరికీ నాకూ డెబ్బై రెండే తేడా అండి. వచ్చే సోమవారానికి దాటీస్తానేమోనండి" అన్నాడు వినయంగా.

దమయంతి ఆ అంకె మళ్లీ చదివింది. చెవులు మెల్లగా ఎర్రబడ్డాయి. సంచీ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"మింగింది నేను" అంది. "కుళ్ళింది నేను. రాసింది నేను. ఇతరుల్లో కూడా నేను లేనా? సన్యాసినాయుడా!"

"మేడంగారూ, నానేటి సేసినాను, సోళ్లు పోసినాను..."

"చోళ్లు పోసినవాడికి పద్నాలుగు వేలు! సీసా మార్చిన దొంగకి పదిహేను వేలు! నవ్వుతున్నావెందుకు కూర్మా? సిగ్గులేదూ?" కాలేజీ మెట్ల మీద, పదిమంది ముందు, ఇంటి పిలుపు!

కూర్మారావు నవ్వడం లేదు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. తడిగుడ్డ అందుకుని తుడుచుకోవడంతో మొహమంతా సుద్ద అయింది.

మర్నాడు పొద్దున్న ఐదింటికి చప్పుడు మొదలైంది. టకటకమని, గోడలదిరేలా. కూర్మారావు దుప్పటి గడ్డందాకా లాక్కుని కళ్ళు మూసుకుని విన్నాడు. ఎంత హాయిగా ఉందో! ఆ హాయి నాలుగు నిమిషాలుంది. ఐదో నిమిషంలో, అంత జోరుగా ఏం రాస్తోందబ్బా అనిపించింది. ఆరో నిమిషంలో పళ్ళు తమంతట తామే నూరుకున్నాయి. లేచి వెళ్ళాడు.

"ఏమిటది?"

"చల్లమాత్ర తిన్న ఎలుకలు రెండు ఎందుకు మారలేదో. చూడకు" అని చేత్తో కప్పేసింది.

"లెక్కలు నేను చెయ్యనా?"

"నీ శిక్ష ఇంకా రెండేళ్లుంది. అయ్యాక చెయ్యి. పేరు మాత్రం నాదే ముందు."

"అక్షరక్రమమా?"

"కాదు, ఓర్వలేక" అంది దమయంతి.

కూర్మారావు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.